రెండు రోజులే ఉన్నప్పుడు హంపి ఒక్కటే పెట్టుకోండి

తమ్ముడు మొన్న ఇంటి గ్రూపులో ఒక లిస్టు పెట్టిండు. డిసెంబర్‌లో ఒక శనివారం, ఆదివారం హంపి ట్రిప్, అమ్మానాయిన, మేము, వాళ్లు, పిల్లలు, అందరికి కలిపి ఒక పెద్ద బండి. లిస్టు ఇట్లుంది. శనివారం తెల్లారకముందే మహబూబ్‌నగర్‌లో బయలుదేరి మంత్రాలయం దర్శనం, మధ్యాహ్నానికి హోస్పేట, సాయంత్రం తుంగభద్ర డ్యాం, అక్కడ గార్డెన్. ఆదివారం పొద్దుగాల అంజనాద్రి, పంపా సరోవరం, సానాపూర్‌లో పుట్టి ఎక్కుడు, పదకొండుకు హంపి, మూడింటికల్లా హంపి నుంచి బయటపడాలె, రాంగ రాయచూర్ కోట, టైం మిగిలితే జూరాల. గంటలోపే అందరు ఓకే కొట్టేసిన్రు. నేను తెల్లారి ఫోన్ చేసి హంపికి అంత తక్కువ టైం ఏందిరా అని అడిగితే, "నాలుగు గంటలు పెట్టిన కద అక్కా, సరిపోతది, రాళ్లే కద" అన్నడు.

తమ్ముని మీద నాకు కోపం లేదు. ఆఫీసు పని ఒడిసినంక రాత్రి కూసోని మ్యాపులు చూసి, కిలోమీటర్లు లెక్కపెట్టి, రూముల రేట్లు కనుక్కోని చేసిన లిస్టు అది. మన దిక్కు రెండు రోజుల ట్రిప్ అంటే అందరు ఇట్లనే చేస్తరు, బండి కిరాయి పెట్టినంక దారిలో ఉన్నవన్ని కలుపుకోని రావాలె అనుకుంటరు, ఒక్కటి వదిలేసినా ఏదో నష్టపోయినట్టే. స్కూల్లో స్టాఫ్‌రూంలో కూడ ఇదే ముచ్చట, ఎవరన్న ఎక్కడికన్న పోయొస్తే ఎన్ని కవర్ చేసిన్రు అనే అడుగుతరు.

నేను చెప్పేది ఒక్కటే. రెండు రోజులే ఉన్నప్పుడు ఒక్క ఊరే పెట్టుకోవాలె. హంపి అసొంటి ఊరికి పోతే ఆ ఊర్లోనే సగానికి పైన వదిలేసుకోవాల్సి వస్తది, అటువంటప్పుడు దానికి ఇంకో ఐదు చోట్లు కలిపితే అసలు దేనికోసం పోయినమో అదే చేతికి రాదు. ఈ మాట మీద నాకు అనుమానాలు లేకపోలేదు, అవి కూడ రాస్త, ఎందుకంటే అమ్మతోటి మాట్లాడినంక నా మాట నాకే కొంచెం కదిలింది.

పదివేల ఎకరాల ఊరు

"హంపి నాలుగు గంటల్ల అయిపోతది" అనే మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అర్థం కాదు. 1986లో హంపిని ప్రపంచ వారసత్వ జాబితాలో పెట్టిన యునెస్కో లెక్కలో ఆ జాగ 4,187 హెక్టార్లు, మన లెక్కలో చెప్పాలంటే పదివేల ఎకరాల పైన, అండ్ల మిగిలి ఉన్న కట్టడాలు 1,600కు పైన. 1336 నుంచి 1565లో తళ్లికోట యుద్ధం దాక 200 ఏండ్లకు పైన విజయనగర రాజుల రాజధానిగ బతికిన ఊరు అది. గుళ్లు ఒక దిక్కు, రాజుల మహళ్లు ఇంకో దిక్కు, రెండింటి మధ్యల ఇప్పుడు అరటితోటలు, కాలువలు, గుండ్లు. విరూపాక్ష గుడి కాడ నిలబడి చూస్తే రాణుల మహళ్లు ఎటున్నయో కూడ తెల్వదు.

శ్రీకృష్ణదేవరాయలు ఉన్నప్పుడే, 1520 ప్రాంతంలో, డొమింగో పేస్ అని పోర్చుగల్ దేశపాయన ఒకడు ఈ ఊరికి వచ్చిండు. ఊరు ఎంత పెద్దగుందో చూద్దామని గుట్ట ఎక్కిండంట, ఎక్కినా మొత్తం కనపడలేదంట, మధ్య మధ్యల గుట్టలు అడ్డమున్నయి, కనపడ్డదే రోమ్ నగరం అంత ఉన్నది అని రాసుకున్నడు. అప్పుడు ఊరు నిండుగ ఉన్న కాలంలో గుట్ట మీద నిలబడ్డ మనిషికే మొత్తం కనపడలేదంటే, పదకొండింటికి వచ్చి మూడింటికి పోయేటోళ్లకు కనపడేది ఎంత?

నేను మొదట పోయింది ఒక ట్రావెల్స్ బస్సులో, మా స్కూలు టీచర్లందరం కలిసి. విఠ్ఠల గుడికి గంట టైం ఇచ్చిన్రు. పోయినోళ్లకు తెలుసు, బండ్లు దూరంగనే ఆపాలె, అక్కడి నుంచి గుడి దాక బ్యాటరీ బండ్ల మీద పోవాలె, ఆ లైన్లోనే సగం టైం పోయింది. లోపలికి పోంగ రాతిరథం ముందు ఫొటోకు ఇంకో లైను, అందరి చేతుల్ల 50 రూపాయల నోటు, నోటు మీది రథం, ఎదురుంగ ఉన్న రథం రెండు కనపడెటట్టు ఫొటో. మాతోటి సోషల్ చెప్పే మేడం ఒకామె ఉంటది, ఆమె ఫొటో లైన్లో నిలబడకుండ రథం పక్కకు పోయి వంగి చూస్తున్నది. ఏందని పోతే చూపించింది. రథం ముందు ఇప్పుడు రెండు ఏనుగులున్నయి కద, అవి తర్వాత తెచ్చి పెట్టినవి, వాటి వెనక గుర్రాల వెనక కాళ్లు, తోకలు రాతి మీద ఇంకా ఉన్నయి. ఏనుగు వెనక గుర్రం తోక. మేము ఆ తోక దగ్గర ఉండంగనే బస్సు క్లీనర్ విజిల్ కొట్టుకుంట వచ్చిండు. ఆ మేడం బస్సెక్కి సీట్లో కూసున్నంక, పిల్లలకు ఈ పాఠం ఎన్నో ఏండ్ల నుంచి చెప్తున్న, ఇయ్యాల చూసేటప్పటికి లెవ్వమన్నరు అన్నది. బస్సు పోయింది ఎక్కడికంటే డ్యాం కాడి గార్డెన్‌కు. గార్డెన్‌లో మాకు గంటన్నర ఇచ్చిన్రు.

బస్సోళ్లను తిట్టి లాభం లేదు, వాళ్ల పాంప్లెట్ మీద ఎన్ని పేర్లు ఎక్కువుంటే అన్ని సీట్లు నిండుతయి. అడిగేది మనమే.

నాయిన కూసున్న బండ

మా నాయిన దేవరకద్ర దిక్కు ఊర్లల్ల కడీలు కొట్టిన మనిషి. పొలాలకు కంచె కడీలు, ఇండ్లకు బండలు, అదే పనితోటి మమ్ముల సదివిచ్చిండు. తర్వాత మేము సొంతంగ పోయినప్పుడు నాయినను తోల్కపోయినం. విరూపాక్ష గుడి పక్కన హేమకూటం గుట్ట ఎక్కినం, అక్కడ చిన్న చిన్న పాత గుళ్లు మస్తున్నయి, అందరు వాటిని చూసుకుంట పైకి పోతున్నరు. నాయిన మధ్యల ఆగిండు. వెనక్కి చూస్తే ఒక గుండు పక్కన కూసోని చెయ్యి పెట్టి తడుముతున్నడు.

గుండు మీద వరసగ చిల్లులు. మన అగ్గిపెట్టె మందం అంత, నలుచదరంగ, ఒక దాని పక్కన ఒకటి, దారం పట్టి గీసినట్టు తిన్నగ. హంపిలో ఎక్కడ చూసినా ఉంటయి ఇవి, మెట్ల పక్కన, గోడల రాళ్ల అంచుల మీద, కాని ఎవ్వరు ఆగి చూడరు. నాయిన వేలు పెట్టి లోతు చూసిండు, జాన పెట్టి ఒక చిల్లుకు ఇంకో చిల్లుకు దూరం కొలిసిండు. "మేము కొట్టినట్టే కొట్టిన్రు బిడ్డా" అన్నడు. ఈ చిల్లులల్ల ఎండు కట్టె మేకులు కొట్టి నీళ్లు పోసేటోళ్లంట, కట్టె ఉబ్బి బండ పగిలేదంట అని అక్కడ గైడ్లు చెప్తరు, అదే నేను చెప్పిన. నాయిన నవ్విండు, మేము ఇనుపవి పెట్టి సమ్మెటతోటి కొడ్తం, గంతే తేడా అన్నడు. ఒక గుండుకు చిల్లులు ఉన్నయి గాని అది పగలలె, అట్లనే ఉంది. ఎందుకు వదిలేసిన్రు నాయినా అని అడిగిన. దాని చుట్టు ఒక్కసారి తిరిగొచ్చి, రాయి వాటం అటుంది, వీళ్లు ఇటు కొట్టిన్రు, సగం కొట్టినంక తెలిసుంటది అన్నడు.

అక్కడ మస్తు సేపు కూసున్నం. ఇద్దరు కాలేజీ పిలగాళ్లు వచ్చి ఏం చూస్తున్నరు తాతా అని అడిగిన్రు, రాయచూర్ దిక్కు పిల్లలు, తెలుగు బాగ వచ్చు వాళ్లకు. నాయిన వాళ్లకు కూడ చెప్పిండు, ఏ రాయి దేనికి పనికొస్తది, సమ్మెట దెబ్బకు వచ్చే చప్పుడును బట్టి లోపల పగులున్నదా లేదా ఎట్ల తెలుస్తది అని. ఎక్కువ మాట్లాడని మనిషి. రాజులు, దండయాత్రలు అన్ని బోర్డుల మీద రాసున్నయి, ఆ గుళ్లు కొట్టినోళ్ల గురించి అంత సేపు మాట్లాడిన మనిషిని నేను ఆ రోజు నాయిననే చూసిన.

ఆ బండ ఏ లిస్టులో లేదు, ఏ గైడ్ చూపించడు. దానికి టైం పెట్టుకోని పోలేం కూడ. మరి అది ఎప్పుడు దొరుకుతది? ఇంకో చోటికి ఉరకాల్సిన పని లేనప్పుడు దొరుకుతది. నా వాదన మొత్తం దీని మీదనే నిలబడ్డది. ముందే రాసుకున్నవి ఏ ఫోన్లో అయినా కనపడ్తయి, రాతిరథం నోటు మీదనే ఉన్నది. మనది అయ్యేది మాత్రం అనుకోకుండ ఆగిన కాడ ఉంటది, ఆగనీయని ప్లాన్ ఎంత బాగున్నా ఆ ఒక్కటి ఇయ్యలేదు.

అదే సాయంత్రం విరూపాక్ష గుడిలో మా పాప సంగతి. గర్భగుడి వెనక దిక్కు మెట్లు ఎక్కితే ఒక చీకటి అర్ర ఉంటది, గోడకు చిన్న సందు, ఆ సందులకెళ్లి వెలుగు వచ్చి ఎదురు గోడ మీద గోపురం నీడ తలకిందులుగ పడ్తది. 50 మీటర్ల దాక ఉండే గోపురం, మూరెడు బొమ్మ అయి, కలశాలు కిందికి పెట్టి గోడ మీద ఉంటది. జనం వచ్చి చూసి ఆహా అనుకోని పోతున్నరు. పాప పోలె. దస్తి తీసి వెలుగుకు అడ్డం పట్టి సందు దగ్గరికి జరిగితే బొమ్మ చిన్నగైంది, దూరం జరిగితే పెద్దగైంది, బయటికి పోయి సందు ఎక్కడుందో చూసొచ్చింది, మళ్ల లోపలికి. సైన్స్ పుస్తకంలో అట్టపెట్టెకు చిల్లు పెట్టే కెమెరా పాఠం ఉంటది కద, అదే ఇది అని తనంతట తానే పట్టుకున్నది. అంతకుముందు ఏనుగుల శాల కాడ అదే పిల్ల, అమ్మా ఇంక ఎంతసేపు అని సతాయించింది. పిల్లలకు పాత ఊర్లు బోరు అనేటోళ్లకు ఇది చెప్తున్న, బోరు కొట్టేది ఊరు కాదు, పది నిమిషాలకోసారి బండి ఎక్కి దిగుడు.

అమ్మ అడిగిన మాట

ఇదంత తమ్మునికి చెప్పి సగం ఒప్పించిన. అమ్మ దగ్గర ఆగిపోయిన. "అంత దూరం పోయి రాఘవేంద్రస్వామిని చూడకుండ ఎట్ల వస్తమే" అన్నది.

మంత్రాలయం మనకు వేరే దారి కాదు, రాయచూర్ దాక అదే రోడ్డు, అక్కడి నుంచి పక్కకు మళ్లాలె. కాని అది కలుపుకున్నమంటే దర్శనం, భోజనం అయ్యి మళ్ల హంపి రోడ్డెక్కేసరికి శనివారం ఇగ లేనట్టే. ఇదే చెప్పిన. మహబూబ్‌నగర్ నుంచి మంత్రాలయం పొద్దుగాల పోయి రాత్రికి వచ్చే దూరం, దాన్ని ఒక గురువారం నాడు నిమ్మళంగ పెట్టుకుందాం, నేనే తీస్కపోత అన్న. అప్పుడు అమ్మ అన్న మాట: "నువ్వు తీస్కపోతవు, నాకు తెల్వదా. మీరందరు ఒక బండ్ల ఎప్పుడు కూసుంటరే? నాకు మీరందరు కలిసి స్వామి ముందల నిలబడాలె."

దీనికి నా దగ్గర జవాబు లేకుండె. నేను ఊరు చూసుడు గురించి మాట్లాడుతున్న, అమ్మ పిల్లల్ని, మనవల్ని ఒక్క తాన చూసుకునుడు గురించి మాట్లాడుతున్నది. తమ్ముడు హైదరాబాద్‌లో, మేము ఇక్కడ, పండుగలకు కూడ ఒకరు వస్తే ఒకరికి డ్యూటీ. అమ్మ లెక్కలో ఈ ట్రిప్‌కు అర్థం అదే.

రెండు రోజులు ఆలోచించి అమ్మతోటి నిజంగనే అడిగిన, అయితే ఈసారి హంపి వద్దు, మంత్రాలయమే పోదాం, రాత్రి అక్కడనే ఉందాం, పొద్దుగాల తుంగభద్రలో స్నానం చేసి మళ్ల ఒకసారి దర్శనం చేసుకోని వద్దాం అని. బెదిరించనీకి అడగలె. నా మాట ఒక్క ఊరే అని కద, అది హంపే కావాలని లేదు. అమ్మ కొంచెం సేపు ఊకున్నది. తర్వాత, మీ నాయిన బండలు చూస్త అని మురుస్తున్నడు, ఈసారి ఆయనది కానీయి, సంక్రాంతి సెలవులల్ల మాత్రం నాది అన్నది. తమ్ముడు సంక్రాంతికి లీవు పెడ్తనని అమ్మ ముందల్నే ఫోన్లో మాటిచ్చిండు.

హంపిలో దేవుడు లేడు అన్నట్టు మాట్లాడుకుంటం గాని విరూపాక్ష గుడిలో పూజలు ఇప్పటికీ నడుస్తనే ఉన్నయి, ఊరంత పాడైనంక కూడ ఆ గుడిలో దీపం ఉన్నది. సాయంత్రం పూజకు అమ్మను ఆడ కూసోబెడ్త, ఎవ్వరు లెవ్వు అనకుండ.

మళ్ల ఎప్పుడొస్తమో అనే భయం

తమ్ముని వాదనలో గట్టిది ఇది. 250 కిలోమీటర్లకు పైన పోతున్నం, బండి కిరాయి, డీజిల్, డ్రైవర్ బత్త ఎట్లైనా పెడ్తున్నం, మళ్ల ఎప్పుడొస్తమో ఎవరికి తెలుసు, పక్కనే ఉన్నయి కద చూసేద్దాం అంటడు. అంజనాద్రి అయితే గంగావతి దిక్కు నుంచి పోంగ ఇంచుమించు దారిలోనే తగులుతది కూడ.

ఈ భయాన్ని నేను తక్కువ చెయ్యను. పాలమూరులో ఊరు దాటుడు అంటే పనికోసం వలస పోవుడే అనుకున్న తరం మాది. మా ఇంటి పక్కన అంగన్‌వాడీలో చేసే అక్క ఉంటది, ఆమె ఊరోళ్లతోటి కలిసి ప్రైవేటు బస్సులో గుళ్ల యాత్రకు పోయొచ్చింది, రెండు మూడు రోజులల్ల తిరిగిన గుళ్ల పేర్లు వేళ్ల మీద లెక్కపెట్టి చెప్తది, చెప్పేటప్పుడు ఆమె మొఖం చూడాలె. ఆమెకు అట్ల తిరగొద్దు అని చెప్పే అర్హత నాకు లేదు, చెప్ప కూడ.

అయితే గుడికి పోవుడు వేరు, పాడుబడ్డ ఊరికి పోవుడు వేరు అనిపిస్తది నాకు. గుడిలో ఒక్క నిమిషం చాలు. లైన్ల మూడు గంటలు నిలబడి, తోస్తుంటే ఒక్క క్షణం దేవుని మొఖం చూసినా మొక్కు చెల్లినట్టే, పోయిన పని అయినట్టే. విఠ్ఠల గుడిలో ఆ ఒక్క క్షణం దేనికి పనికొస్తది? అక్కడ గర్భగుడిలో మూర్తి లేదు, మనకోసం ఎదురుచూసేది ఏం లేదు. మనం ఎంత సేపు పెట్టి చూస్తే అంతే వస్తది, చూడకపోతే తమ్ముడు అన్నట్టు రాళ్లే. అందుకే మళ్ల వస్తమో రామో అనే భయం ఉన్నోళ్లే ఒక్క చోటు ఎక్కువ చూడాలె అంటున్న. వచ్చేది ఒక్కసారే అయితే ఆ ఒక్కసారన్న మనసు నిండాలె కద.

ఇంకో సంగతి కూడ ఉన్నది. గుడి ముందు పొడుగు బజారు ఉంది చూడండి, రెండు దిక్కుల రాతి మంటపాలు, ఇప్పుడు ఖాళీగ ఉంటయి. 2011 దాక వాటిల్ల జనం ఉన్నరు, ఇండ్లు, దుకాణాలు, హోటళ్లు. పాత కట్టడాలు కాపాడాలె అని ఆ ఏడు అన్ని కూలగొట్టి ఖాళీ చేయిచ్చిన్రు, కొందరికి కడ్డిరాంపురం దిక్కు జాగలిచ్చిన్రు. ఒకరోజు రాత్రి అక్కడ ఉన్నప్పుడు పొద్దుగాల ఇడ్లీలు అమ్మే ఒక పెద్దామె, బళ్లారి తెలుగులో, ఆ మంటపాలల్ల ఒకదాన్ని చూపించి, మా పెద్ద బిడ్డ ఆడ పుట్టింది అన్నది. నేను మంటపం దిక్కు చూసిన, కట్టె పొయ్యి పొగతోటి పైకప్పు రాళ్లు ఇంకా నల్లగనే ఉన్నయి. కట్టడాలు కాపాడాలె, దానికి నేను ఎదురు కాదు, కాని ఆ ఊరు 1565తోటి ఖతమైందనుకోని పోయినోళ్లకు ఈ ముచ్చట తెల్వది. మనం నాలుగు గంటలు వచ్చి పోతే ఆ ఊరోళ్లకు మిగిలేది నీళ్ల బాటిళ్లు. ఒక రాత్రి ఉంటే రూము పైసలు, ఇడ్లీ పైసలు, ఆటో పైసలు వాళ్ల చేతిల పడ్తయి, రెండు మాటలు కూడ నడుస్తయి.

ఇప్పుడు మేము అనుకున్న ప్లాన్

నా మాట చెప్పుడు అయింది, ఎట్ల పోతున్నమో కూడ రాస్త, ఎవరికన్న పనికొస్తే తీసుకోండి. శనివారం పొద్దుగాల ఐదింటికి బయలుదేరుతున్నం, దేవరకద్ర, మక్తల్, కృష్ణ బ్రిడ్జి, రాయచూర్, సింధనూర్, గంగావతి మీదికెళ్లి. సద్ది, జొన్నరొట్టెలు ఇంటి నుంచే. ఎండపూటకు చేరుకుంటం, అప్పుడు ఎక్కడికి పోము. ఇది చానామందికి నచ్చదు, పోయినంక రూంలో పండుకునుడు ఏంది అంటరు. హంపి గుండ్లు ఎండకు కాగుతయి, డిసెంబర్ అయినా మధ్యాహ్నం చెప్పులిడిసి గుళ్లల్ల తిరిగితే అరికాళ్లకు తెలుస్తది, అమ్మ మోకాళ్లు అసలే బాగలెవ్వు. పొద్దు వాలినంక హేమకూటం గుట్ట, అక్కడినుంచి దిగి విరూపాక్ష గుడి. శనివారం అంతే.

ఆదివారం విఠ్ఠల గుడి తెరవంగనే అక్కడుండాలె. తమ్ముడు, నేను, పిల్లలం బజారు చివరి నుంచి నది ఒడ్డు పొంటి నడుచుకుంట పోతం, రెండు కిలోమీటర్ల దాక ఉంటది, దారిలో కోదండరాముని గుడి, రాజుల తులాభారం రాతి కమాను తగులుతయి. అమ్మానాయిన బండ్ల వచ్చి బ్యాటరీ బండి ఎక్కుతరు, పొద్దుగాల లైను ఉండదు. ఒకటి గుర్తుపెట్టుకోండి, విఠ్ఠల గుడి, రాణుల జనానా, కమలాపురం మ్యూజియం మూడింటికి ఒక్కటే టికెట్, అదే రోజు చెల్లుతది, అందుకని మూడు ఒక్కరోజే పెట్టుకోవాలె. శుక్రవారం మ్యూజియం బంద్ ఉంటది.

తర్వాత హజారరామ గుడి. ఇది చిన్నదని చానామంది బయటినుంచే పోతరు. గోడల మీద రామాయణం మొత్తం వరసలు వరసలుగ చెక్కిన్రు, చుట్టు తిరుగుకుంట కథ చెప్పుకోవచ్చు, పిల్లలకు అమ్మతోటి చెప్పిద్దామని నా ఆశ. ఎండ ముదరంగనే మ్యూజియంలకు. మ్యూజియం ఎందుకు, విగ్రహాలే కద అన్నడు తమ్ముడు, కాని అక్కడ నది, గుట్టలు, గుళ్లతోటి హంపి మొత్తం నమూనా చేసి పెట్టిన్రు, అది చూసినంక మనం ఎక్కడ తిరిగినం, ఏది వదిలేసినం అంత సమజైతది. అప్పుడు ఇంకా ఓపిక ఉంటే మహానవమి దిబ్బ, లేకపోతే ఉగ్రనరసింహుని కాడ కొద్దిసేపు నిలబడి ఇంటి బాట.

వదిలేసినవి: తుంగభద్ర డ్యాం, పంపా సరోవరం, సానాపూర్, జూరాల. అంజనాద్రి కూడ. దారి పక్కనే నిజం, కాని 575 మెట్లు ఎక్కి దిగేసరికి ఒక పూట పోతది, అమ్మ ఎక్కలేదు, కింద బండ్ల కూసోబెట్టి మనం ఎక్కుడు నాకు ఇష్టం లేదు. మా మరదలు అంజనాద్రి గురించి ఇంకా ఒప్పుకోలేదు, హనుమంతుడు పుట్టిన కొండ దాటి పోతమా వదినా అంటున్నది, ఆమె బాధ నాకు అర్థమైతది, ఆమెకోసం ఒకవేళ ఆదివారం మధ్యాహ్నం మ్యూజియం వదిలి తమ్ముడు, ఆమె పోయొస్తమంటే నేను అడ్డం చెప్ప.

రాయచూర్ కోటను మాత్రం ఆదివారం పొద్దుమీకి చీకట్ల అరగంట చూసుడు అనే మాట లేకుండ తీసేయించిన. అది మనోళ్ల కోట. 1294 నాటి శాసనం ఉంది అక్కడ, అండ్ల కాకతీయుల కాలపు గోన గన్నారెడ్డి పేరున్నది, మన వర్ధమానపురం గోన వంశం మనిషి. శాసనం చెక్కిన రాయి ఒక్కటే 41 అడుగుల పొడుగు, ఆ రాయిని బండి మీద ఎక్కించి పశువులతోటి ఎట్ల గుంజుకొచ్చిన్రో పక్కనే గోడ మీద బొమ్మ కూడ చెక్కి పెట్టిన్రు. 2023లో కృష్ణ స్టేషన్ దాక రైలు లైను కలిసినంక మహబూబ్‌నగర్ మీదికెళ్లి రాయచూర్‌కు రైలుంది. సంక్రాంతి మంత్రాలయం అయినంక, ఎండలు ముదరకముందే ఒక ఆదివారం నాయిన, నేను ఇద్దరమే పోతం, ఆ గోడ కాడ ఎంతసేపు కూసుంటడో కూసోనీ.